ఎప్పుడొస్తావయ్య కొడుకా: ఏడు మాత్రల నడకలో ఒక బాణీ కట్టిన తీరు

పని ఇది. గల్ఫ్‌కు వెళ్ళిన కొడుకు కోసం కోనసీమ పల్లెలో ఎదురుచూసే తల్లి మీద ఒక లఘుచిత్రంలో పాట కావాలి. నిడివి రెండుంబావు నిమిషాలు దాటకూడదు. పాడేది 40 దాటిన స్త్రీ గొంతు. వాద్యాలు నాలుగే: వేణువు, తబలా, కీబోర్డు, తంబురా. దర్శకుడి షరతు ఒక్కటే: తల్లి ఏడవకూడదు. ఆమె పిలుస్తోంది, కాస్త నిష్ఠూరంగా అడుగుతోంది, అంతే.

ఈ పాటకు సాహిత్యం ముందు వచ్చింది. సినిమాల్లో ఎక్కువగా ట్యూన్ ముందు పుడుతుంది, కవి దానికి మాటలు కూరుస్తాడు. ఇక్కడ తలకిందులు. పల్లవి ఇలా ఉంది:

ఎప్పుడొస్తావయ్య కొడుకా
కడలి దాటిన మబ్బు కూడా
తిరిగి వానై వచ్చెరా

చరణం:

పనస చెట్టుకు కాయలొచ్చెను
పాత గడపకు పసుపు పెట్టితి
పక్కయింట్లో ఫోను మోగితె
గుండె నాదే ఉలికిపడెరా

కాగితం చేతికి రాగానే చాలామంది హార్మోనియం ముందు కూర్చుని "ఏ రాగం?" అని ఆలోచిస్తారు. అది నాలుగో ప్రశ్న. మొదటిది నడక, రెండోది ప్రతి పాదం ఏ స్వరం మీద ఆగుతుందన్నది, మూడోది పాటలో అన్నిటికన్నా ఎత్తైన స్వరం ఏ అక్షరం మీద పడుతుందన్నది. ఈ మూడూ తేలితే బాణీ సగం పైన కట్టేసినట్టే. మిగిలిన స్వరాలు వాటి మధ్య దారి వెతుక్కుంటాయి.

మాత్రలు లెక్కపెట్టడం

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరం గురువులు. మొదటి పాదాన్ని విడగొడితే: ఎప్పు (2+1) డొస్తా (2+2) వయ్య (2+1) కొడుకా (1+1+2). అంటే 3, 4, 3, 4. మొత్తం 14. రెండో పాదం: కడలి, దాటిన, మబ్బు, కూడా. మళ్ళీ 3, 4, 3, 4. మూడో పాదం: తిరిగి, వానై, వచ్చె, రా. ఇక్కడ 3, 4, 3, 2. చివర రెండు మాత్రలు ఖాళీ. చరణంలో నాలుగు పాదాలూ పధ్నాలుగేసి.

తెలుగువాళ్ళ చెవికి ఈ నడక కొత్తకాదు. గురజాడ ముత్యాలసరాలు నడిచేది మూడు, నాలుగు కలిసిన ఈ మిశ్రగతిలోనే. చేత్తో వేస్తే తకిట తకధిమి. మొదటి పాదాన్ని రెండుసార్లు పాడిస్తే పల్లవి నాలుగు పాదాలు అవుతుంది: 56 మాత్రలు, ఏడేసి మాత్రల ఆవర్తాలు (తాళం చుట్లు) ఎనిమిది. మెట్రోనోమ్‌ను 7/8లో 90కి పెడితే, దెబ్బకు రెండు మాత్రల లెక్కన నిమిషానికి 180 మాత్రలు. ఒక పాదం 4.7 సెకన్లు, పల్లవి 18.7 సెకన్లు. పల్లవి, సంగీతం, చరణం, పల్లవి, సంగీతం, రెండో చరణం, పల్లవి, ఒక్కొక్కటీ ఎనిమిదేసి ఆవర్తాలు అనుకుంటే మొత్తం 2 నిమిషాల 11 సెకన్లు. నిడివి సరిపోయింది.

తబలా ఆయనతో మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త. హిందుస్తానీలో రూపక్ అంటే ఏడు, కర్ణాటకంలో రూపకం అంటే ఆరు. తాళం పేరు చెప్పి వదిలేస్తే గంట వృథా. "మూడు, రెండు, రెండు" అని చేత్తో వేసి చూపించడమే మేలు.

నాలుగులోకి లాగితే ఏమవుతుంది

మొదటి నమూనా మామూలు నాలుగు లెక్కలో కట్టిందే. కీబోర్డులో తయారుగా ఉన్న తాళాలన్నీ దాదాపు అవే కాబట్టి వేలు అటే పోతుంది. మూడు మాత్రల ముక్కలకు ఒక్కో మాత్ర తగిలిస్తే 4+4+4+4, అంటే 16. లెక్క కుదురుతుంది, పాట కుదరదు.

ఎందుకో చూద్దాం. "ఎప్పు"ను నాలుగు మాత్రలకు సాగదీయాలంటే రెండే దారులు. ఒకటి "ఎప్పూ", రెండోది "ఏప్పు". రెండూ తెలుగు కావు. పదం నడుమ ఉన్న హ్రస్వాన్ని లాగితే మన చెవి ఒప్పుకోదు. మరి వేరు, మారి వేరు. కల వేరు, కాల వేరు. అదే పదం చివరి హ్రస్వాన్ని లాగితే ఇట్టే ఒప్పుకుంటుంది. "వయ్యా", "కడలీ", "తిరిగీ" అన్నీ చెల్లుతాయి, జానపదుల గొంతులో రోజూ వినేవే. కాబట్టి పల్లవి వరకు నాలుగు లెక్కలో తప్పు పడేది ఒక్క మొదటి మాట దగ్గరే. చిక్కల్లా ఇక్కడే: ఒక్కచోటే కదా అని సర్దుకుపోబుద్ధేస్తుంది. కానీ పాట మొదలయ్యేది ఆ మాటతోనే.

ఇంకో నష్టం కూడా ఉంది. ప్రతి మూడో మాత్ర తర్వాత గొంతు సాగితే పాట మొత్తానికి శోకాలు పెట్టినట్టు వినిపిస్తుంది. దర్శకుడు వద్దన్నది సరిగ్గా అదే. మూడు తర్వాత ఆగకుండా నాలుగులోకి దూకడం వల్లనే ఈ పాదంలో నిష్ఠూరం పలుకుతుంది. అందుకని ఏడే ఉంచాం.

మాట విరిగే చోటు

"ఎప్పుడొస్తావయ్య" ఒకటే మాట. నడక దాన్ని మూడు ముక్కలు చేస్తోంది: ఎప్పు, డొస్తా, వయ్య. రెండో నమూనాలో "స్తా" మీద ఎత్తైన స్వరం పెట్టి, ఒక మాత్ర ఊపిరి కూడా ఇచ్చారు. వినడానికి ఎంతో బాగుంది. కానీ వినేవాడికి అందేది "ఎప్పుడొస్తా". అంటే "నేనెప్పుడు వస్తాను" అని తల్లే అడుగుతున్నట్టు. తర్వాత "వయ్య" వచ్చి సరిదిద్దేలోపు అర్థం పక్కదారి పట్టింది. కాబట్టి "స్తా" నుంచి "వయ్య"లోకి స్వరం జారుతూ వెళ్ళాలి, ఎక్కడా తెగకూడదు. ఊపిరి "కొడుకా" తర్వాతే.

ఇదే పాదాన్ని కరీంనగర్ తల్లి నోట పెట్టాల్సి వస్తే "ఎప్పుడొస్తవు" అవుతుంది. "డొస్తవు" కూడా నాలుగు మాత్రలే, కానీ 2+1+1. "స్తా" మీద పెట్టిన రెండు మాత్రల స్వరం అక్కడ రెండు ముక్కలవుతుంది. యాస మారితే బాణీని కూడా ముట్టుకోవాల్సిందే, మాత్రల లెక్క సరిపోయినా సరే.

గురువులన్నీ ఒకటి కావు

ఛందస్సుకు "దా" అయినా "మబ్" అయినా రెండు మాత్రలే. గొంతుకు అలా కాదు. "దా" అన్నప్పుడు నోరు తెరుచుకుని రెండు మాత్రలూ నాదం సాగుతుంది. "మబ్బు" అన్నప్పుడు పెదవులు మూసుకుంటాయి, రెండో మాత్రలో సగం నిశ్శబ్దమే. ప్ప, బ్బ, ట్ట, చ్చ, క్క ఉన్నచోటల్లా ఇదే కథ. య్య, ల్ల, న్న, మ్మ, సున్నా దగ్గర మాత్రం నోరు కాస్త మూసుకున్నా నాదం తెగదు. కాబట్టి బాణీ కట్టేవాడి దగ్గర గురువులు మూడు రకాలు: పూర్తిగా సాగేవి, గుంయ్‌మని సాగేవి, తెగేవి. కాగితం మీద వాటికి వేరువేరు గుర్తులు పెట్టుకుంటే తర్వాత తల నొప్పి తగ్గుతుంది.

రెండో పాదంలో అర్థాన్ని బట్టి చూస్తే ముఖ్యమైన మాట "మబ్బు". శిఖరం దాని మీదే పెట్టాలనిపిస్తుంది. ఒక నమూనాలో అలాగే తారస్థాయి రిషభం (పై స్థాయి రి) పెట్టి చూశారు. పాడే ఆవిడ ఆ స్వరాన్ని అందుకునేసరికి పెదవులు మూసుకుంటున్నాయి. అక్షరం వినిపించాలంటే స్వరం పోతోంది, స్వరం నిలవాలంటే "మాబు" అని పలుకుతోంది. తప్పు గాయనిది కాదు, శిఖరాన్ని అక్కడ పెట్టడమే తప్పు. అందుకని దాన్ని "దాటిన"లోని "దా" మీదికి జరిపాం. నోరు పూర్తిగా తెరుచుకునే ఆకారం, రెండు మాత్రల నాదం. దాటడం అనే పనికి ఎత్తు రావడం కూడా అర్థానికి నప్పింది. "మబ్బు" దగ్గర బాణీ కిందికి దిగడం మొదలుపెట్టింది, అక్కడ తెగినా నష్టం లేదు.

పాదం ఎక్కడ ఆగాలి

"ఎప్పుడొస్తావయ్య కొడుకా" ప్రశ్న. పాటకు ఆధార స్వరమైన షడ్జం (స) మీద ఆగితే ప్రశ్నకు జవాబు దొరికిపోయినట్టుంటుంది. కాబట్టి మొదటిసారి రిషభం మీద ఆపాలి, గాల్లో వేలాడేలా. రెండోసారి? నలుగురూ చేసేది అదే పాదాన్ని అదే స్వరాలతో తిరిగి పాడించడం. ఇక్కడ ఒక అవకాశం ఉంది. మొదటిసారి ఆమె తనలో తాను అనుకుంటోంది. రెండోసారి నిజంగానే కేక వేసి పిలుస్తోంది. దూరంగా ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు తెలుగులో చివరి అచ్చు సాగుతుంది, పైకి లేస్తుంది. అందుకని రెండోసారి చివరి నాలుగు మాత్రలే మార్చి "కా"ను పంచమం (ప) మీద నిలిపాం. "కడలి" పాదం గాంధారం (గ) మీద, "తిరిగి" పాదం షడ్జం మీద.

అన్ని పాదాలనూ రిషభం మీదే ఆపిన నమూనా ఒకటి ఉంది. విడివిడిగా ప్రతి పాదమూ బాగుంది. నాలుగూ కలిపి వింటే చెవి ఆ రిషభాన్నే షడ్జం అనుకోవడం మొదలుపెట్టింది. ఈ పాటకు ఎంచుకున్న మోహన రాగం స్వరాల్లో రిషభాన్ని షడ్జం చేసుకుంటే వచ్చేది మధ్యమావతి. కచేరీని ముగించేటప్పుడు పాడే రాగం. పాట మొదలవుతుండగానే హారతి ఇచ్చినట్టయింది. అలాగే అన్నిటినీ ధైవతం (ద) మీద ఆపితే శుద్ధ ధన్యాసి వైపు, గాంధారం మీద ఆపితే హిందోళం వైపు జారుతుంది. అయిదు స్వరాల రాగాలతో పనిచేసేటప్పుడు ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తంబురా లేకుండా బాణీ కట్టేవాళ్ళకు మరీ ఎక్కువ. కనీసం ఫోన్‌లోనైనా శ్రుతి మోగుతూ ఉండాలి.

రాగం మాట

ఎదురుచూపు, తల్లి అనగానే చేయి శివరంజని మీదికి వెళ్తుంది: స రి గ ప ద, సాధారణ గాంధారంతో, అంటే కాస్త కిందుండే చిన్న గాంధారంతో. మొదటి మూడు స్వరాల్లోనే కన్నీళ్ళు తెప్పించే రాగం. ఆ సులువే దానితో ఇబ్బంది, పైగా షరతుకు విరుద్ధం. గాంధారం ఒక్కటి అర మెట్టు పైనుండే అంతర గాంధారం, అంటే పెద్ద గాంధారం, చేస్తే అదే మోహన. రెండు రాగాలకూ తేడా ఆ ఒక్క స్వరమే. మోహనలో పిలుపు ఉంది, వెలుతురు ఉంది, పల్లె నోటికి అలవాటైన స్వరాలు. పల్లవి అంతా మోహనలోనే ఉంచి, ఆ చిన్న గాంధారాన్ని చరణం కోసం దాచుకున్నాం.

పల్లవి చివరికి ఇలా తేలింది. కామా ఉన్నచోట స్వరం రెండు మాత్రలు, పై చుక్కకు బదులు ' గుర్తు తారస్థాయి.

ఎప్(ప,) పు(ప) | డొస్(ద,) తా(ప,) | వయ్(గ,) య(రి) | కొ(గ) డు(గ) కా(రి,)
రెండోసారి చివర: కొ(రి) డు(గ) కా(ప,)
క(ప) డ(ద) లి(స') | దా(రి',) టి(స') న(స') | మబ్(ద,) బు(ద) | కూ(ప,) డా(గ,)
తి(గ) రి(గ) గి(రి) | వా(ప,) నై(గ,) | వచ్(రి,) చె(రి) | రా(స,) + రెండు మాత్రల ఖాళీ

కేక దగ్గర్నుంచి ఒక పాదం ఆగిన స్వరం నుంచే తర్వాతి పాదం ఎత్తుకోవడం గమనించండి. కేక పంచమం మీద ఆగింది, "కడలి" పంచమంతో మొదలైంది. "కూడా" గాంధారం మీద ఆగింది, "తిరిగి" గాంధారంతో మొదలైంది. కొత్త గాయని ఒక్కసారి విని పట్టుకోగలగడానికి ఇదే కారణం. పెద్ద దూకుళ్ళు లేవు.

చరణం

మొదటి రెండు పాదాలు ఇంటి ముచ్చట్లు. వాటికి మాట్లాడుతున్నట్టుండే ఇరుకైన బాణీ చాలు: మంద్ర ధైవతం (కింది స్థాయి ద) నుంచి మధ్య గాంధారం వరకు. రెండు పాదాలకూ ఒకే బాణీ పెట్టాలంటే ఒక చిక్కు. "పనస" మూడు లఘువులు, "పాత" గురువు, లఘువు. "చెట్టుకు" 2+1+1, "గడపకు" నాలుగూ లఘువులే. "కాయ" 2+1, "పసుపు" 1+1+1. మాత్రలు సమానం, అక్షరాలు కావు.

దీనికి పరిష్కారం బాణీలోనే ముందుగా పెట్టుకోవాలి. రెండో పాదంలో అక్షరాలు కలిసిపోయే చోట మొదటి పాదంలో ఒకే స్వరాన్ని రెండుసార్లు వాడాలి:

ప(స) న(స) స(రి) | చెట్(గ,) టు(రి) కు(రి) | కా(గ,) య(రి) | లొచ్(స,) చె(స) ను(మంద్ర ద)
పా(స,) త(రి) | గ(గ) డ(గ) ప(రి) కు(రి) | ప(గ) సు(గ) పు(రి) | పెట్(స,) టి(స) తి(మంద్ర ద)

"పన"కు రెండు షడ్జాలు, "పా"కు అవే రెండూ కలిసి ఒకటి. మొదట్లో "పన"కు స, రి అని వేరువేరు స్వరాలు పెట్టి ఉంటే "పా" మీద అనవసరమైన గమకం (స్వరం ఊగడం) వచ్చిపడేది, రెండు పాదాలూ ఒకే బాణీ అన్న భావన పోయేది. ట్యూన్ ముందు కట్టి కవికి ఇచ్చేటప్పుడు కూడా ఇదే కిటుకు పనికొస్తుంది. జంట స్వరాలు ఎక్కువగా ఉన్న బాణీలో కవికి మాటల స్వేచ్ఛ ఎక్కువ.

మూడో పాదంలో ఫోను మోగుతుంది. ఇక్కడ బాణీ ఒక్కసారిగా లేవాలి:

పక్(ప,) క(ప) | యిం(ద,) ట్లో(స',) | ఫో(రి',) ను(స') | మో(గ',) గి(రి') తె(స')

పాట మొత్తానికి శిఖరం ఈ "మో" మీది తార గాంధారమే, పల్లవి శిఖరం కన్నా ఒక మెట్టు పైన. పల్లవిలోనే ఈ స్వరాన్ని ఖర్చుపెట్టేస్తే చరణానికి పోవడానికి చోటుండదు. చాలా పాటలు చరణంలో నీరసించేది ఇందుకే.

ఇక నాలుగో పాదం:

గుం(ద,) డె(ప) | నా(చిన్న గ,) దే(రి,) | ఉ(రి) లి(రి) కి(స) | ప(మంద్ర ద) డె(స) రా(రి,)

"నా" మీద సాధారణ గాంధారం, పాటంతటిలో చరణానికి ఒక్కసారే. అప్పటిదాకా అంతర గాంధారానికి అలవాటుపడ్డ చెవికి అది గుచ్చుకుంటుంది. పంచమం నుంచి నేరుగా దిగాలి, ఊపకూడదు, రెండు మాత్రలూ నిలకడగా పట్టాలి. "ఉలికి" దగ్గర కూడా అదే వాడితే ఎలా ఉంటుందని చూశారు. రెండోసారి వచ్చేసరికి గుచ్చుకోవడం పోయి శివరంజని కూర్చుంది, ఏడుపు మొదలైంది. పాదం రిషభం మీద ఆగి, పల్లవి పంచమంతో ఎత్తుకుంటుంది. అక్కడ "వయ్య" మీద పెద్ద గాంధారం తిరిగి వినిపించగానే రాగం తనంతట తాను సర్దుకుంటుంది.

శ్రుతి, వాద్యాలు

బాణీ పరిధి మంద్ర ధైవతం నుంచి తార గాంధారం వరకు. శ్రుతి (షడ్జం నిలిచే ఎత్తు) 5½, అంటే జీ షార్ప్. ఆ లెక్కన అడుగున ఎఫ్, పైన సి. 6కి పెంచితే చరణం మెరుస్తుంది కానీ తార గాంధారం దగ్గర గొంతు బిగిసి కేకలా వస్తుంది. 5కు దించితే "లొచ్చెను" చివరి మంద్ర ధైవతం ఊపిరిలో కలిసిపోతుంది. శ్రుతి తేల్చడానికి పల్లవి పాడించి ఊరుకోకూడదు, పాటలో అడుగు స్వరం ఉన్న పాదం, పై స్వరం ఉన్న పాదం వెంటవెంటనే పాడించాలి. ఇక్కడ చరణం రెండు, మూడు పాదాలు.

"రా" తర్వాతి రెండు మాత్రల ఖాళీని వేణువుతో నింపొద్దు. అది గాయని ఊపిరికి, తబలా చిన్న ముక్తాయింపుకు. వేణువు సంగీతం మధ్యలో వచ్చి "వానై వచ్చెరా" దిగే తీరునే, ప గ రి స, కాస్త తిప్పి వాయిస్తే చాలు.

కీబోర్డు దగ్గర ఒక చిక్కు తప్పకుండా వస్తుంది. మోహన పాటకు చేయి అలవాటుగా జీ షార్ప్ మేజర్ కార్డ్ పట్టుకుంటుంది, అందులో అంతర గాంధారం ఉంది. "నాదే" దగ్గర గాయని సాధారణ గాంధారం పాడుతుంటే కింద అంతర గాంధారం మోగి రెండూ కొట్టుకుంటాయి. చిన్న గాంధారం ఉండే మైనర్ కార్డ్‌కు మారిస్తే గొడవ తీరుతుంది కానీ రాబోయే స్వరాన్ని ముందే చెప్పేసినట్టవుతుంది. నాలుగో పాదం మొదలు "పడెరా" వరకు గాంధారం లేకుండా షడ్జ పంచమాలు రెండే పట్టాలి.

రెండో చరణం రాసే కవికి బాణీతో పాటు ఒక చీటీ వెళ్ళాలి: ప్రతి పాదం 3, 4, 3, 4, మూడో పాదంలో పదకొండో మాత్ర దగ్గర ఆ, ఏ, ఓ లలో ఏదో ఒక దీర్ఘం తప్పనిసరి, ఈ, ఊ వద్దు, ఎందుకంటే తార గాంధారం దగ్గర అవి పీలగా వస్తాయి, నాలుగో పాదంలో నాలుగో మాత్ర దగ్గర సాగే గురువే ఉండాలి, తెగేది వస్తే చిన్న గాంధారం నిలవదు, ఏ పాదమూ మూడో మాత్ర దగ్గర విరిగి వేరే అర్థం ఇచ్చే మాటతో మొదలు కాకూడదు.